స్టార్ ట్రెక్: కొత్తవాళ్లకు ఎక్కడి నుంచి చూపించాలి? 1966 నుంచేనా?

నల్లకుంట వాసి

మా పిన్ని కూతురు నిజాంపేటలో ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. దసరాకి ఇంటికొచ్చినప్పుడు "అన్నయ్యా, నువ్వెప్పుడూ చెప్పే ఆ అమెరికా అంతరిక్ష సీరియల్ స్టార్ ట్రెక్ నేనూ చూస్తా, ఎక్కడ మొదలుపెట్టను?" అని అడిగింది. మా ఇంట్లో ఎవరో ఒకరు ఆ మాట అడుగుతారని ఏళ్ల తరబడి ఎదురుచూశాను. ఆ రాత్రే ఎక్సెల్ షీట్ తయారుచేశా. 1966 సెప్టెంబరు 8న మొదలైన మొదటి సిరీస్ 79 ఎపిసోడ్లు, పాత సినిమాలు, 1987 నాటి నెక్స్ట్ జనరేషన్ 178, ఆ తర్వాత డీప్ స్పేస్ నైన్ 176, అన్నిటికీ వరస నంబర్లు వేసి పంపా. నాలుగో ఎపిసోడ్ దగ్గర ఆపేసింది. "బాగానే ఉంది అన్నయ్యా, టైమ్ దొరకట్లేదు" అంది.

టైమ్ దొరక్క కాదని నాకు తెలుసు. లెక్క వేసి చూస్తే మొదటి సిరీస్ ఒక్కటే దాదాపు 66 గంటలు. నెక్స్ట్ జనరేషన్ ఇంకో 133. వారానికి రెండు చొప్పున చూసినా ఈ రెండింటికే రెండున్నరేళ్లు పడుతుంది. ఇష్టంగా అడిగిన పిల్లకి సిలబస్ చేతిలో పెట్టాను.

అందుకే ఇప్పుడు నా అభిప్రాయం మారింది. వరస అక్కర్లేదు. ఆ మనిషికి ఏది తగులుతుందో ఆలోచించి ఒక్క ఎపిసోడ్ ఎంచుకోవాలి, పక్కన కూర్చుని చూపించాలి. మీరేమంటారు?

సికింద్రాబాద్ పాతకాపు

ఒప్పుకోను తమ్ముడూ. 1966 నుంచే చూడాలి. ఎనభైల్లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున వచ్చేది. మా వీధిలో మూడు టీవీలు ఉంటే మూడిళ్ల కిటికీల దగ్గరా పిల్లలమే. ఓడ కెప్టెన్ కిర్క్, మొనదేలిన చెవుల స్పాక్, డాక్టర్ మెకాయ్, ఈ ముగ్గురి స్నేహమే దీనికంతటికీ పునాది. 1982లో వచ్చిన, ఖాన్ విలన్‌గా ఉన్న సినిమా చివర స్పాక్ అద్దం అవతల నిలబడి చనిపోతుంటే, ఇవతల కిర్క్ చెయ్యి అద్దానికి ఆనించి కూర్చుంటాడు. వాళ్లిద్దరూ ఎవరో తెలియనివాడికి అందులో ఏం కనిపిస్తుంది? అద్దం కనిపిస్తుంది.

ఇంకోటి. ఆ రోజుల్లో అమెరికా టీవీలో ఒక నల్లజాతి స్త్రీని ఓడ నడిపే గదిలో అధికారిగా కూర్చోబెట్టారు. ఉహురా వేషం వేసిన నిషెల్ నికోల్స్ మొదటి సీజన్ అయ్యాక మానేద్దామనుకుంటే, మార్టిన్ లూథర్ కింగ్ ఆపాడు. ఈ సంగతి ఆవిడే చాలాసార్లు చెప్పింది. 1992లో అంతరిక్షానికి వెళ్లిన మొదటి నల్లజాతి మహిళ మే జెమిసన్ చిన్నప్పుడు ఉహురాను చూసి పెరిగిన మనిషి. మరుసటేడు నెక్స్ట్ జనరేషన్‌లో చిన్న వేషం కూడా వేసింది. ఈ చరిత్రంతా పక్కన పెట్టి నడిమధ్యలో దూకితే, అది పెళ్లికి వెళ్లి భోజనం చేసి వచ్చినట్టే. పెళ్లి చూసినట్టు కాదు.

నల్లకుంట వాసి

పాతకాపు గారూ, అద్దం మాట నిజం. ఆ సీను నేనూ ఏడవకుండా చూడలేను. కానీ ఒక్క సంగతి గుర్తుచేసుకోండి. మీరు దూరదర్శన్‌లో అన్నీ వరసగా చూశారా? కరెంటు పోయిన ఆదివారాలు, ఊరెళ్లిన ఆదివారాలు లేవా? దొరికింది దొరికినట్టు చూసి అభిమాని అయ్యారు.

అమెరికాలో మొదటి రోజు చూసినవాళ్లకి కూడా అసలు మొదలు దొరకలేదు. కిర్క్‌తో ముందు తీసిన పైలట్, అంటే నమూనా ఎపిసోడ్, మూడో వారం ప్రసారమైంది. ముందు తీసినవి వెనక, వెనక తీసినవి ముందు వేశారు. 1969లో చూసేవాళ్లు చాలడం లేదని సిరీసే ఆపేశారు. జనం పెరిగింది ఆ తర్వాత. డెబ్బైల్లో ఊరూరా చిన్న టీవీ స్టేషన్లు సాయంత్రాలు పాత ఎపిసోడ్లను మళ్లీ మళ్లీ వేశాయి. స్కూలు నుంచి వచ్చి బ్యాగు పడేసి ఏది వస్తే అది చూసిన పిల్లలే పెద్ద అభిమానులయ్యారు. 1972 జనవరిలో న్యూయార్క్‌లో అభిమానుల సభ పెడితే, నిర్వాహకులు కొన్ని వందల మంది వస్తారనుకున్నారు. వేలల్లో వచ్చారు. ఆగిపోయి రెండున్నరేళ్లయిన సిరీస్‌కి!

మీరు చెప్పిన ఖాన్ సినిమా దర్శకుడు నికొలస్ మేయర్ కూడా స్టార్ ట్రెక్‌కి కొత్తవాడే.

సికింద్రాబాద్ పాతకాపు

మేయర్ కొత్తవాడే, కానీ నిర్మాత హార్వ్ బెనెట్ ఆ 79 ఎపిసోడ్లూ కూర్చుని చూశాడు. 1967లో వచ్చిన 'స్పేస్ సీడ్' ఎపిసోడ్‌లోంచి ఖాన్‌ని వెతికి పట్టుకొచ్చింది ఆయనే. అంతా చూసినవాడు ఒకడు ఉండబట్టే ఆ సినిమా అలా వచ్చింది. సగం మాట చెప్పకు తమ్ముడూ.

నల్లకుంట వాసి

అంతా చూసినవాడు ఎంచి ఇచ్చాడు, కొత్తవాడు అందుకున్నాడు. నేను చెప్పేదీ అదే కదా.

కొండాపూర్ కొత్తబ్బాయి

నేను మూడేళ్ల క్రితం స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్‌తో మొదలుపెట్టా. అది 2022లో వచ్చినా, అందులో కథ కిర్క్ కంటే ముందుది. అందులోని కెప్టెన్ పైక్‌ని టీవీ నెట్‌వర్క్ తిప్పికొట్టిన మొట్టమొదటి పైలట్ కోసం రాశారు. ఇంతకీ "వరస" అంటే ఏ వరస అన్నా? తీసిన వరసా, వేసిన వరసా, కథ వరసా?

నన్ను బాధపెట్టిన సంగతి ఒకటి చెప్తా. ఆ రోజుల్లో మన సిటీలోనే ఒక కెఫేలో అభిమానులు కలుస్తున్నారని తెలిసి వెళ్లా. కూర్చోగానే ఒకాయన "క్లింగాన్ జాతివాళ్ల నుదుటి మీద గట్లు ఎప్పటి నుంచి వచ్చాయి?" అని అడిగాడు. తెలియదన్నా. "పైక్ మొదటి నటుడెవరు?" తెలియదన్నా. "మరి నువ్వేం చూశావ్?" అని నవ్వి పక్కాయనతో మాటల్లో పడిపోయాడు. అరగంట ఫోన్ చూసుకుంటూ కూర్చుని లేచి వచ్చేశా. ఏడాది పాటు స్టార్ ట్రెక్ ముట్టుకోలేదు. ఇప్పుడు ఆ రెండు ప్రశ్నలకీ జవాబు తెలుసు. మొదటి సిరీస్ మొత్తం చూశా, నాకు నేనుగా. ఆయన భయానికి మాత్రం కాదు.

ఉప్పల్ అమ్మ

మా పిల్లలిద్దరికీ ప్రాడిజీ పెట్టాను, 2021లో వచ్చిన యానిమేషన్. అందులో పిల్లలకి ఫెడరేషన్ (స్టార్ ట్రెక్‌లో గ్రహాల కూటమి) అంటే ఏంటో కూడా తెలియదు. వదిలేసిన ఓడ ఒకటి దొరుకుతుంది, హోలోగ్రామ్ రూపంలో పాత సిరీస్ వాయేజర్ కెప్టెన్ జేన్‌వే వాళ్లకి అన్నీ నేర్పుతుంది. మావాళ్లూ వాళ్లతో పాటే నేర్చుకున్నారు. నేను ఒక్క ముక్క వివరించాల్సిన అవసరం రాలేదు.

విద్యానగర్ టీచర్

నేను తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. స్టార్ ట్రెక్ గురించి మాట్లాడే అర్హత ఉందో లేదో తెలియదు కానీ, ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్ల గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నా సంగతి చెబుతాను.

పోయిన వేసవిలో హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. మా అబ్బాయి "అమ్మా, ఒక్క ముప్పావు గంట ఇది చూడు, నీకోసమే" అని నెక్స్ట్ జనరేషన్‌లోని 'డార్మోక్' ఎపిసోడ్ పెట్టాడు. 1991 నాటిదట. ఒక జాతివాళ్లు మాట్లాడే మాటలు యంత్రం అనువదిస్తుంది కానీ అర్థం ఎవరికీ అందదు. ఎందుకంటే వాళ్లు ఏది చెప్పినా తమ పాత కథల్లోని పేర్లతోనే చెబుతారు. "షాకా, గోడలు కూలినప్పుడు" అంటే ఓడిపోయామని. "టెంబా, చేతులు చాచి" అంటే తీసుకో అని. మనవైపు కెప్టెన్ పికార్డ్‌కి తల పట్టుకున్నంత పనైంది. నాకు మాత్రం వెంటనే అర్థమైంది. "ఇందులో వింతేముందిరా! శల్యసారథ్యం అంటాం, భగీరథ ప్రయత్నం అంటాం, ఉత్తరకుమార ప్రగల్భాలంటాం. భారతం తెలియనివాడికి ఆ మాటలు ఎలా బోధపడతాయి?" అన్నాను. వాడు రిమోట్‌తో బొమ్మ ఆపేసి నా మొహం వంకే చూస్తూ కూర్చున్నాడు. ఆ అవతలి కెప్టెన్, పికార్డ్‌కి తన మాట అర్థం కావడం కోసమే మృగంతో పోరాడి ప్రాణం వదులుతాడు. ప్రాణం పోయే ముందు పికార్డ్ ఆయనకి పాత మెసొపొటేమియా వీరుడు గిల్గమేష్ కథ చెబుతాడు. చిక్కుడుకాయలు ఒళ్లోనే ఉండిపోయాయి. ఆ రాత్రి కూర ఆలస్యమైంది.

మా అబ్బాయి 1966 నుంచి పెట్టి ఉంటే పది నిమిషాల్లో లేచి వంటింట్లోకి వెళ్లేదాన్ని. డార్మోక్ తర్వాత సబ్‌టైటిల్స్ పెట్టుకుని నేనే నెక్స్ట్ జనరేషన్ చూశాను. ఇప్పుడు వెనక్కి వెళ్లి స్పాక్ దగ్గరున్నాను.

పాతకాపు గారికి ఒక మాట. నన్నయ గారు అరణ్యపర్వం మధ్యలో ఆగిపోతే, తిక్కన గారు ఆ మిగిలిన భాగం జోలికి వెళ్లకుండా విరాటపర్వంతో మొదలుపెట్టారు. వదిలిన భాగాన్ని తర్వాత ఎర్రన గారు పూరించారు. పద్యనాటకం చూసే జనం రాయబారం సీనుతోనే భారతంలోకి వచ్చారు కానీ ఆదిపర్వంతో కాదు.

సికింద్రాబాద్ పాతకాపు

టీచర్ గారూ, తిక్కన గారితో వాదించేంతవాణ్ణి కాదు. నమస్కారం. కొండాపూర్ తమ్ముడూ, ఆ కెఫేలో ఆయన చేసింది చాలా తప్పు. ఇంటికొచ్చినవాణ్ణి అలా పలకరించరు.

అయినా నా భయం ఒకటుంది. మధ్యలో వచ్చినవాళ్లంతా టీచర్ గారిలా వెనక్కి వెళ్తారా? చాలామంది వెళ్లరు. అట్టముక్కల సెట్లని, రబ్బరు మాస్కులని నవ్వేసి వదిలేస్తారు. తలుపు ఎక్కడైనా తెరవండి, సరే. పాతది చూడకపోయినా పర్వాలేదని మాత్రం చెప్పకండి. ఆ మాట దగ్గర నేను కదలను.

నల్లకుంట వాసి

ఆ మాట నేనూ చెప్పను పాతకాపు గారూ.

మొన్న ఆదివారం మా చెల్లి మళ్లీ వచ్చింది. ఈసారి షీట్ లేదు. తను ఆఫీసులో చేసేది ఏఐ పని. కాబట్టి నెక్స్ట్ జనరేషన్‌లో 1989 నాటి ఎపిసోడ్ 'ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్' పెట్టా. డేటా అనే యంత్రమనిషిని విప్పి చూస్తామంటారు, తను ఒప్పుకోడు. వాడు మనిషా, అంతరిక్ష దళం స్టార్‌ఫ్లీట్ ఆస్తా అని విచారణ. డేటా స్నేహితుడు రైకర్ చేతే డేటాకి వ్యతిరేకంగా వాదింపజేస్తారు. చేయనంటే డేటా ఓడిపోయినట్టే. అందరి ముందూ రైకర్ వెళ్లి డేటా స్విచ్ ఆపేస్తాడు. డేటా బల్ల మీదకి వాలిపోతాడు. మా చెల్లి చేతిలో ఉన్న ఫోన్ బోర్లా పెట్టింది. చివర్లో డేటా ఒంటరిగా ఉన్న రైకర్ దగ్గరికి వెళ్లి, నువ్వు బాధ పడ్డావు, నేను బతికాను, అది మర్చిపోనని చెబుతాడు. అప్పటిదాకా తను నోరు విప్పలేదు. ఆ తర్వాత "ఈ డేటా స్పాక్ లాంటివాడా అన్నయ్యా? ఆ పాతదాంట్లో చెవులతను?" అని అడిగింది.

వచ్చే ఆదివారం 'స్పేస్ సీడ్', దాని వెంటనే ఖాన్ సినిమా. మీరు కూడా రండి పాతకాపు గారూ. అద్దం దగ్గరికి వచ్చేసరికి ముగ్గురి గురించీ తనకి మీరే చెబుదురుగాని. టైమ్ మెసేజ్ చేస్తా.