బద్ద లాగగానే పొడి సిమెంట్ చల్లొచ్చా?

ప్రశ్న (పాల్వంచ నుంచి):
ఇంటి ముందు కారు పెట్టుకోవడానికి 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పున 4 అంగుళాల మందం కాంక్రీట్ వేయిస్తున్నాను. ఎల్లుండే పని. మేస్త్రి నోట దిమ్మిస, బద్ద, రసమట్టం అని వింటున్నాను గానీ ఏది దేనికో తెలియదు. బద్ద లాగగానే పొడి సిమెంట్ చల్లి, తాపీతో నున్నగా చేస్తానంటున్నాడు. మా అక్క వాళ్లింట్లో నిరుడు ఇలాగే చేశారు. ఆర్నెల్లకే పైపొర పెచ్చులు లేచింది, ఊడ్చినప్పుడల్లా దుమ్ము. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (తాపీ మేస్త్రి):
అన్నా, దిమ్మిసతో నేల కొట్టి గట్టిపరుస్తాం. రసమట్టంతో వాటం చూస్తాం. నీళ్లు గేటు వైపు పోవాలి కదా. బద్ద అంటే పొడవాటి తిన్నని పట్టీ, దాన్ని లాగి ఎగుడుదిగుళ్లు సరిచేస్తాం.

ఇక అసలు విషయం. బద్ద లాగాక కాసేపటికి నీళ్లు పైకి ఊరి మెరుస్తాయి. ఆ తడి మీద సిమెంట్ చల్లి తాపీ వేస్తే నీళ్లు పైపొర కిందే ఉండిపోతాయి. మీ అక్క గారింట్లో పెచ్చులు లేచింది అందుకే అయ్యుంటుంది. మెరుపు పోయేదాకా ఆగండి. కాలు పెడితే పావు అంగుళం లోపే ముద్ర పడాలి, అప్పుడు తాపీ పట్టాలి. మా నాన్న నాకు మొదట నేర్పింది ఈ ఆగడమే. కారు ఎక్కే చోట మరీ నునుపు వద్దు, చీపురుతో అడ్డంగా గీతలు లాగించండి. వానాకాలం జారదు.

మిల్లర్ (కాంక్రీట్ కలిపే మిషన్) దగ్గర మీరే నిలబడండి. మాల్ గట్టిగా ఉందని ఎవరైనా బకెట్ నీళ్లు గుమ్మరిస్తే అక్కడే ఆపండి.

జవాబు (సైట్ ఇంజనీర్):
మేస్త్రి గారి మాటే నాదీ. సిమెంట్, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపితే సుమారు 18 బస్తాల సిమెంట్ పడుతుంది. పగుళ్లు అడ్డదిడ్డంగా రాకుండా పొడవును మూడు, వెడల్పును రెండు భాగాలు చేసి కనీసం అంగుళం లోతు కోతలు పెట్టించండి. అంచులు చిట్లనంత గట్టిపడగానే కోయాలి, ఎండల్లో మర్నాటిదాకా ఆగొద్దు. పీపీసీ (బూడిద లాంటి పొజోలానా కలిపిన) సిమెంటైతే కనీసం 10 రోజులు మడులు కట్టి నీళ్లు నిలపండి.

పాల్వంచ నుంచి:
మేస్త్రితో మాట్లాడాను. పొడి సిమెంట్ మానేస్తానన్నాడు. కోత మిషన్ అద్దెకు చెప్పాను. పొద్దున ఆరింటికే మొదలుపెడుతున్నాం.