చెన్నైలో మెష్‌కి ట్రాన్స్‌లేబియల్ స్కాన్ (యోని పెదవుల మీద ప్రోబ్ ఆనించి తీసే అల్ట్రాసౌండ్) ఎక్కడ తీస్తారు?

మూత్రాశయం జారిందని 2017లో యోని ముందు గోడకి పాలీప్రొపిలీన్ మెష్ (ఆసరాగా కుట్టే ప్లాస్టిక్ వల) వేశారు (అమెరికాలో ఈ రకం అమ్మకం 2019లో ఆపించారు). పేషెంటుకి 61 ఏళ్లు, ఉండేది పెరంబూరులో. ఇప్పుడు 5 మిల్లీమీటర్ల మేర మెష్ బయటపడి వేలికి గరుగ్గా తగులుతోంది. ఈస్ట్రోజన్ క్రీము 12 వారాలు రాసినా పైన చర్మం మూసుకోలేదు. తేలిన ముక్క కత్తిరించి కుట్టేస్తే చాలంటున్నారు. కానీ కుడి గజ్జల్లో, కూర్చుని లేచేటప్పుడు లాగుడు నొప్పి ఉంది. మెష్ పట్టీ ముడుచుకుని లాగుతుంటే పైపై కత్తిరింపుతో అది పోకపోవచ్చు.

సీటీలో మెష్ సరిగా కనపడదు కాబట్టే ఈ స్కాన్ కావాలి. ఎవరు చదవగలరు? కోతకి ముందు సిస్టోస్కోపీ (మూత్రాశయం లోపల కెమెరా గొట్టంతో చూడడం) కూడా చేయించాలా? డిశ్చార్జి కాగితాల్లో మెష్ స్టిక్కరు (ఏ కంపెనీ, ఏ రకమో తెలిపేది) లేదు, ఓటీ నోట్స్ (ఆపరేషన్ వివరాల రికార్డు) ఎలా అడిగి తీసుకోవాలి?