అమ్మానాన్నలతో అలాస్కా క్రూజ్: అమెరికా వీసా ఒక్కటే సరిపోతుందా?

కొత్తప్రయాణి అడిగారు:

అందరికీ నమస్కారం. అమ్మానాన్న ఖమ్మం నుంచి మార్చి చివర్లో వస్తున్నారు. ఇద్దరికీ బీ2 (విజిటర్) వీసా ఉంది. జూన్‌లో సియాటిల్ నుంచి 7 రాత్రుల అలాస్కా క్రూజ్‌కి తీసుకెళ్దామని ఆలోచన. నేను హెచ్‌1బీ (ఉద్యోగ వీసా), మా ఆవిడ హెచ్‌4 (దాని మీద వచ్చే కుటుంబ వీసా). ఎక్స్‌టెన్షన్ వచ్చింది గానీ పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు అయిపోయింది. పాప ఇక్కడే పుట్టింది. నాన్నకి షుగర్, గుండెకి స్టెంట్ కూడా వేశారు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. మాలో ఎవరం ఇంతవరకు ఓడెక్కింది లేదు.

ఏజెంటుని అడిగితే "సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగుతారు, అలాస్కా కూడా అమెరికాయే కదా, వేరే వీసా ఎందుకు" అన్నాడు. ఆఫరు ఈ వారంతో సరట, డిపాజిట్ కట్టమని ఒకటే ఫోన్లు. కట్టేయొచ్చా?

బెల్‌వ్యూ బాబాయి:

కట్టకండి. ముందు ఆ ఓడ ఏయే రేవుల్లో ఆగుతుందో ఆ కాగితం తీసి చివరిదాకా చదవండి. అలాస్కాలోని కెచికాన్, జూనో, స్కాగ్వే అయ్యాక ఆఖర్న విక్టోరియా అని ఉంటుంది. విక్టోరియా కెనడాలో ఉంది. చాలా ఓడలు సాయంత్రం పొద్దుపోయాక అక్కడికి చేరి, అర్ధరాత్రిలోపే బయల్దేరిపోతాయి. ఆ నాలుగు గంటల కోసం మీ అమ్మానాన్నలకి కెనడా వీసా కావాలి, మీకూ మీ ఆవిడకీ కూడా కావాలి.

నాలుగు గంటల కోసం అసలు అక్కడ ఆగడం ఎందుకంటారా? 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. వేరే దేశం జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్న ప్రయాణికుల్ని అమెరికా రేవుల్లోనే తిప్పి దింపేయడానికి వీల్లేదు, మధ్యలో ఒక్క విదేశీ రేవైనా తగలాలి. ఈ పెద్ద పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా, బెర్ముడా లాంటి చోట్ల రిజిస్టర్ అయినవే. అందుకే సియాటిల్ ఓడలకి విక్టోరియా లాంటి కెనడా రేవు తప్పదు. 2021లో కోవిడ్ వల్ల కెనడా క్రూజ్ ఓడల్ని రానివ్వకపోతే, అలాస్కా సీజన్ పోకుండా అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా తాత్కాలిక చట్టం చేయాల్సి వచ్చింది. అంత గట్టి నిబంధన ఇది.

"మేం విక్టోరియాలో దిగం, గదిలోనే పడుకుంటాం" అంటే ఒప్పుకోరు. సియాటిల్‌లో ఎక్కేటప్పుడే, దారిలో తగిలే ప్రతి దేశానికీ కాగితాలు చూస్తారు. పోయిన సీజన్‌లో సియాటిల్ క్రూజ్ రేవు పియర్ 91 దగ్గర లైన్లో నా ముందే జరిగింది. పట్టుచీర మీద స్వెట్టర్ వేసుకున్న ఒకావిడ, చేతికర్రతో ఒక పెద్దాయన, వాళ్ళబ్బాయి. కౌంటర్లో అమ్మాయి పాస్‌పోర్టు పేజీలు ముందుకీ వెనక్కీ రెండుసార్లు తిప్పి, "కెనడా వీసా ఏదండీ" అనడిగింది. ఆ అబ్బాయి ఫోన్లో బుకింగ్ మెయిల్ తెరిచి చూపిస్తూనే ఉన్నాడు. సూపర్‌వైజర్ వచ్చి చూసి, తల అడ్డంగా ఊపాడు. సూట్‌కేసులు అప్పటికే లోపలికి వెళ్ళిపోయాయి, వాటిని మళ్ళీ వెతికించి తెప్పించారు. కాగితాల్లేక ఎక్కనివ్వకపోతే టికెట్ డబ్బులు వెనక్కి రావు. ఏజెంటు చెప్పాడని అన్నా వినరు. కాగితాల బాధ్యత ప్రయాణికుడిదేనని టికెట్ షరతుల్లోనే రాసి ఉంటుంది.

ఇక మీ ఇంట్లో ఒక్కొక్కరి సంగతి చూద్దాం. పాప అమెరికా పౌరురాలు కాబట్టి, ఎక్కిన రేవులోనే దిగే ఇలాంటి క్రూజ్‌కి బర్త్ సర్టిఫికెట్ చాలు. కానీ పాస్‌పోర్టు తీసే పెట్టుకోండి. దారిలో ఎవరికైనా ఒంట్లో బాగోక కెనడాలో దిగి విమానంలో రావాల్సి వస్తే సర్టిఫికెట్ పనికిరాదు.

మీ ఇద్దరికీ స్టాంపింగ్ లేకపోయినా తిరిగి రావడానికి ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే వెసులుబాటు ఉంది. ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు మిగిలి ఉండాలి, కెనడాలోనో మెక్సికోలోనో 30 రోజులు మించకూడదు, అక్కడ ఉండగా కొత్త అమెరికా వీసాకి దరఖాస్తు పెట్టి ఉండకూడదు. గడువు తీరిన వీసా ఉన్న పాస్‌పోర్టు, ఐ-797 (ఎక్స్‌టెన్షన్ ఆమోద పత్రం), ఐ-94 ప్రింటు అన్నీ చేతి సంచిలో ఉంచుకోండి. రేవులో పనిచేసే కుర్రాళ్ళకి ఈ నిబంధన తెలియకపోవచ్చు, కాబట్టి సీబీపీ (అమెరికా సరిహద్దు తనిఖీ శాఖ) వెబ్‌సైట్లో ఆ పేజీ కూడా ప్రింటు తీసి పెట్టుకోండి. ఒక మెలిక ఉంది. హెచ్ వీసా వాళ్ళకి ఇది కెనడా, మెక్సికోలకే పనిచేస్తుంది. రేపెప్పుడైనా బహామాస్, జమైకా క్రూజ్ చౌకగా కనిపిస్తే స్టాంపింగ్ లేకుండా వెళ్ళకండి. ఏదైనా సరే, ఒకసారి మీ ఆఫీసు లాయర్ని అడిగాకే టికెట్.

అమ్మానాన్నల కెనడా వీసా మాత్రం ఇండియాలో ఉండగానే తీసుకోవడం మేలు. వేలిముద్రలకి హైదరాబాద్ వెళ్తే సరిపోతుంది. ఇక్కడికొచ్చాక కూడా పెట్టొచ్చు గానీ, స్టాంపు కోసం పాస్‌పోర్టు పంపి, అది వచ్చేదాకా ఎదురుచూడాలి. ఫీజు మనిషికి 100 కెనడా డాలర్లు, బయోమెట్రిక్స్‌కి ఇంకో 85. వీసా చేతికొచ్చాకే డిపాజిట్. ఆఫర్లదేముంది, ఈ వారం పోతే వచ్చే వారం ఇంకోటి వస్తుంది. క్రూజ్ వాళ్ళ దగ్గర ఆఫరు లేని వారం నేనింకా చూడలేదు.

పప్పుచారు:

బాబాయిగారు చెప్పింది అక్షరాలా నిజం. ఒక మాట కలుపుతా: గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి కెనడా వీసా అక్కర్లేదు. ఇండియన్ పాస్‌పోర్టు, కార్డు రెండూ చూపిస్తే చాలు. మా ఇంట్లో సగం మందికి కావాలి, సగం మందికి అక్కర్లేదు అన్న పరిస్థితి వచ్చినప్పుడు మేం హవాయికి మార్చుకున్నాం. ప్రైడ్ ఆఫ్ అమెరికా అని అమెరికా జెండాతో తిరిగే పెద్ద ఓడ ఒకటుంది. హొనొలులులో ఎక్కి 7 రాత్రులు నాలుగు దీవులు తిరిగి అక్కడే దిగుతాం. విదేశీ రేవే తగలదు కాబట్టి వీసా గొడవే లేదు. కెనడా వీసా సమయానికి రాకపోతే అది గుర్తుపెట్టుకోండి.

కొత్తప్రయాణి:

బాబాయిగారూ, మీకు వెయ్యి దండాలు. డిపాజిట్ ఆపేశాను. ఏజెంటు మళ్ళీ ఫోన్ చేస్తే విక్టోరియా ఎక్కడుందని అడిగా, "కనుక్కుని చెప్తా సార్" అన్నాడు! ఇక వీసాలు వస్తాయనే అనుకుని మిగతావి అడుగుతున్నా. అమ్మ తిండి సంగతే పెద్ద బెంగ. రైస్ కుక్కర్ పట్టుకెళ్దామంటోంది. నాన్న మందులు, ఇన్సులిన్ ఎలా? గది ఎలాంటిది తీసుకోవాలి? అమ్మకి బస్సులోనే కళ్ళు తిరుగుతాయి, ఓడలో ఎలాగో.

బెల్‌వ్యూ బాబాయి:

కుక్కర్ వద్దని చెప్పండి. వేడెక్కే పరికరం ఏదైనా, అంటే కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె, సామాను స్కానింగ్‌లో తీసి పక్కన పెట్టేస్తారు, దిగేటప్పుడే ఇస్తారు. ఓడలో నిప్పంటే వాళ్ళకి ప్రాణభయం. అగరుబత్తీ, దీపం కూడా కుదరవు. అమ్మగారికి ముందే చెబితే ఆవిడ బ్యాటరీ దీపంతో సర్దుకుంటారు. ఇంట్లో వండినవి తేనివ్వరు. సీలు విప్పని కారప్పొడి, చెగోడీల ప్యాకెట్లతో ఇబ్బంది ఉండదు.

తిండికి మాత్రం బెంగ పడాల్సిన పని లేదు. బుక్ చేయగానే వెజిటేరియన్, గుడ్డు కూడా వద్దు అని రాయించండి. అసలు పని మొదటి రాత్రి డైనింగ్ హాల్లో ఉంటుంది. పెద్ద వెయిటర్ని పిలిచి, అమ్మగారిని చూపించి చెప్పండి. చాలా ఓడల్లో వంటింట్లోనూ వడ్డనలోనూ మన దేశం వాళ్ళు కనిపిస్తారు. కిందటిసారి మా బల్ల దగ్గరికి వచ్చినాయన గోవా అతను. మా అత్తగారి వైపు చూసి "దాల్, సబ్జీ, చావల్, రేపటి నుంచి రోజూ" అని చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. మర్నాటి నుంచి మెనూలో లేని పప్పు, బంగాళదుంప కూర, వేడి అన్నం ఆవిడ కూర్చోగానే వచ్చేవి. ఉప్పు తక్కువగా ఉండేది, అదొక్కటే లోటు. ముందు రోజు చెబితే చేస్తారు, అప్పటికప్పుడు అడిగితే పాస్తానే గతి. పొద్దున బఫేలో తీపి లేని పెరుగు దొరుకుతుంది. దాన్ని, అన్నాన్ని కలుపుకుంటే పెరుగన్నం. ఆవకాయ సీసా సీలుతో ఉంటే పట్టుకెళ్ళండి. ఇన్‌స్టంట్ కాఫీ పొట్లాలు, ఒక మంచి ఫ్లాస్కు కూడా. బఫేలో వేడినీళ్ళు ఎప్పుడూ ఉంటాయి.

మొహమాటం లేకుండా ఇంకోటి: బాత్రూమ్‌లో నీళ్ళ పైపు ఉండదు, చిన్న ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో వేసుకోండి. పెద్దవాళ్ళు మూడో రోజుకి గానీ ఈ మాట బయటికి చెప్పరు.

మందులు చెక్-ఇన్ సామానులో వేయొద్దు. రేవులో ఇచ్చిన పెట్టె గదికి చేరేసరికి ఒక్కోసారి రాత్రవుతుంది. వారానికి సరిపడా కాకుండా ఇంకో వారానికి ఎక్కువే, చీటీతో సహా చేతి సంచిలో ఉండాలి. గదిలో ఉండే మినీబార్ అంతగా చల్లబడదు, ఇన్సులిన్‌కి మెడికల్ ఫ్రిజ్ కావాలని ముందే రాయించండి. సూదులు పడేసే డబ్బా కూడా అడిగితే ఇస్తారు. ఓడలో డాక్టరు ఉంటారు గానీ బిల్లు అక్కడికక్కడే మీ గది ఖాతాలో పడుతుంది. అమ్మానాన్నలకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ ఓడలో, కెనడా నీళ్ళలో పనిచేస్తుందా, పాత గుండె జబ్బుని ఒప్పుకుంటుందా, హెలికాప్టర్లో తరలించాల్సి వస్తే భరిస్తుందా, ఈ మూడూ మెయిల్లో రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో చెప్పింది చెల్లదు. స్టెంట్ ఉన్న మనిషితో వెళ్తున్నప్పుడు నేనైతే షాపింగ్ తగ్గించుకుని దీనికి పెడతాను.

గది విషయం. కరీబియన్‌కైతే బాల్కనీ దండగంటాను, ఎండకి పట్టుమని పది నిమిషాలు కూర్చోలేం. అలాస్కాకి మాత్రం అమ్మానాన్నలకి బాల్కనీ తీసుకోండి. దుప్పటి కప్పుకుని, కాఫీ పట్టుకుని కొండల్ని చూస్తూ కూర్చుంటారు, పై డెక్ దాకా ఎక్కే పని ఉండదు. మీరు ముగ్గురూ ఎదురుగా కిటికీ లేని గదిలో పడుకోండి, డబ్బు మిగులుతుంది. ఎడమ వైపా కుడి వైపా అని కొట్టుకోకండి, హిమానీనదం దగ్గర ఓడ మెల్లగా చుట్టూ తిరుగుతుంది.

కళ్ళు తిరగడానికి: ఓడ పొడవులో మధ్యన, కింది అంతస్తుల్లో గది తీసుకోండి. చెట్టు కొమ్మ చివర ఊగినంతగా మొదలు ఊగదు కదా, అలాగే. సియాటిల్ ఓడలు వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ చాలావరకు వాంకూవర్ ద్వీపానికి బయట, పసిఫిక్ మీదుగా వెళ్తాయి. కాబట్టి మొదటి పూర్తి రోజు, మళ్ళీ తిరుగు దారిలో విక్టోరియాకి వచ్చే ముందు కాస్త ఊగుతుంది, నడుమ దీవుల మధ్య ఉన్నప్పుడు చెరువులా ఉంటుంది. మాత్ర వాంతి వచ్చాక కాదు, ముందే వేసుకోవాలి. మెక్లిజిన్ మందుల షాపులో దొరుకుతుంది, అయితే నాన్నగారి మందులతో పడుతుందా అని వాళ్ళ డాక్టర్ని అడగండి. చెవి వెనక అంటించే పట్టీలు పెద్దవాళ్ళకి డాక్టర్ చెప్పకుండా వద్దు. అల్లం మురబ్బా అమ్మగారి దగ్గర ఎలాగూ ఉంటుంది.

పప్పుచారు:

రేవుల్లో ఏం చూడాలో నేను చెబుతా. స్కాగ్వేలో వైట్ పాస్ రైలు పెద్దవాళ్ళకి పెట్టింది పేరు. 1900లో పూర్తయిన చిన్న గేజ్ లైను, బంగారం వేట రోజులది. కూర్చున్న సీట్లోంచి కదలకుండా రెండున్నర, మూడు గంటల్లో కొండెక్కి దిగొస్తుంది. కెనడాలోకి దింపే టూర్లు వేరే ఉన్నాయి, అవి తీసుకుంటే పాస్‌పోర్టులు మర్చిపోవద్దు. జూనోకి బయటి నుంచి రోడ్డే లేదు, ఓడో విమానమో. అక్కడ తిమింగలాల బోటు ఎక్కండి. కెచికాన్‌లో వాన ఖాయం, గొడుగు కంటే రెయిన్ జాకెట్ నయం. జూన్‌లో కూడా మంకీ క్యాప్ తప్పనిసరి. నాన్నగారు ఎలాగూ తెస్తారు.

కొత్తప్రయాణి:

మా నాన్న మంకీ క్యాప్ మే నెల ఖమ్మంలో కూడా పెడతారు! చివరిగా డబ్బు, ఫోను సంగతి. పైకి కనిపించే రేటు కాకుండా ఇంకేం పడతాయి? రేవులో ఆలస్యమైతే?

బెల్‌వ్యూ బాబాయి:

టిప్పులు రోజుకి మనిషికి సుమారు 16 నుంచి 20 డాలర్లు మీ ఖాతాలో వాటంతటవే పడతాయి. చాలా ఓడల్లో పాపకీ పడతాయి. మీ అయిదుగురికీ వారానికి లెక్కేస్తే 600 డాలర్లు ఎటూ పోవు, టికెట్ ధరతో కలిపే చూసుకోండి. కూల్‌డ్రింకులు, వైఫై, ఫోటోలు అన్నీ వేరే. ఫోటోగ్రాఫర్ ఎన్ని తీసినా కొనాలని లేదు, నవ్వి వచ్చేయండి.

ఓడ ఎక్కగానే అందరి ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, ముఖ్యంగా నాన్నగారిది. సముద్రం మధ్యలో ఓడకి సొంత సెల్ నెట్‌వర్క్ ఉంటుంది. ఫోను దాన్ని పట్టుకుంటే ఖమ్మం నుంచి వచ్చే ఒక్క పలకరింపు కాల్ బిల్లు చూసి మీరే కళ్ళు తిరిగి పడతారు.

ఆలస్యం సంగతికొస్తే, అలాస్కా టైము సియాటిల్ కంటే ఒక గంట వెనక. ఓడ గడియారం ఏ టైము చూపిస్తోందో అదే మీ టైము. చేతికి మామూలు వాచీ ఒకటి పెట్టుకుని దానికి కలపండి. బయల్దేరడానికి సాధారణంగా అరగంట ముందే అందరూ లోపల ఉండాలి. ఓడవాళ్ళ దగ్గరే కొన్న టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా వాళ్ళే తర్వాతి రేవుకి చేరుస్తారు. బయట కొన్నదైతే ఆగదు. అందుకని రైలు ఓడవాళ్ళ దగ్గర కొనండి, జూనోలో బోటు బయట కొనుక్కోండి. అక్కడ సాధారణంగా టైము సరిపోతుంది, రేటు కూడా తక్కువ.

ఆఖరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు, పొద్దున రేవులోనే మళ్ళీ చేతికొస్తాయి. మర్నాడు వేసుకునే బట్టలు, చెప్పులు, మందులు, పాస్‌పోర్టులు తీశాకే పెట్టెకి తాళం వేయండి. దిగాక ఇమిగ్రేషన్‌లో అమ్మానాన్నలకి మళ్ళీ 6 నెలలు ఇస్తారని ఎవరైనా చెబితే నమ్మకండి, మామూలుగా పాత ఐ-94 తేదీయే నడుస్తుంది. వాళ్ళ తిరుగు టికెట్ దాన్ని బట్టే ఉంచండి. వీసా దరఖాస్తులో ఏ కాలమ్ దగ్గరైనా ఆగిపోతే ఇక్కడే రాయండి, చూస్తాను.