కల్లు దొరక్కపోతే అత్తమ్మకు ఫిట్స్ వస్తున్నాయి, ఎర్రగడ్డ దాకా పోకుండా దగ్గర్లో వైద్యం దొరుకుతుందా?

కామారెడ్డి కోడలు:

మాది కామారెడ్డి దగ్గర పల్లె. మా ఆయన దుబాయ్‌లో పనిచేస్తాడు, ఇంట్లో నేను, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ. అత్తమ్మ చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన మనిషి. పొద్దంతా చాట ముందు వంగి కూర్చుంటే మెడ, నడుం పట్టేస్తాయని సాయంత్రం కల్లు దుకాణానికి పోవడం నా పెళ్లికి ముందు నుంచే అలవాటట. మా దిక్కు ఆడవాళ్లు కల్లు తాగడం వింతేం కాదు, ఆమెను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. కానీ మామయ్య పోయిన తర్వాత బాగా పెరిగింది. ఇప్పుడు లేవగానే ఒక సీసా పడకపోతే చేతులు వణుకుతాయి, బీడీ చుట్టలేదు.

ఈ మధ్య ఎక్సైజ్ వాళ్లు వచ్చి మా ఊరి దుకాణం మూయించారు. ఆ మరుసటి రోజుకే చెమటలు, వాంతులు, రాత్రంతా కంటి మీద కునుకు లేదు. గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరిచింది, చనిపోయిన మామయ్య వాకిట్లో కూర్చున్నాడని అన్నం పెట్టమంది. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కుంది. ఆర్‌ఎంపీ వచ్చి ఏదో ఇంజక్షన్ చేశాడు. తర్వాత మా ఆడపడుచు పక్క మండలం నుంచి కల్లు తెచ్చి తాపితే గంటలో మామూలు మనిషైంది. అప్పటి నుంచి రోజూ ఎవరో ఒకరు తెస్తున్నారు.

హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు తీసుకుపొమ్మంటున్నారు. పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి పోను? పైగా ఆ పేరు చెబితేనే అత్తమ్మ నన్ను పిచ్చిదాన్ని చేస్తారా అని ఏడుస్తోంది. ఒక ప్రైవేట్ సెంటర్ వాళ్లను అడిగితే మూడు నెలలు ఉంచాలి, ఇంటివాళ్లు కలవకూడదు అన్నారు, డబ్బు కూడా మా వల్ల కాదు. బీపీకీ షుగర్‌కీ ఊళ్లోనే బిళ్లలు ఇస్తున్నారు కదా, దీనికి మా జిల్లాలో ఏమీ లేదా?

వార్డు నర్సు:

చెల్లెమ్మా, నేను ప్రభుత్వ ఆస్పత్రి సైకియాట్రీ వార్డులో పనిచేశాను. మీరు రాసింది చదువుతుంటే మా వార్డులో చూసిన వాళ్లంతా గుర్తొచ్చారు. ముందు ఒక మాట, మీ అత్తమ్మకు పిచ్చి పట్టలేదు. ఇది విత్‌డ్రాయల్. చెట్టు కల్లు మానేస్తే సాధారణంగా ఇంత తీవ్రంగా ఉండదు. దుకాణాల్లో అమ్మే మందు కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. ఇవన్నీ నిద్రమందులు, మత్తుమందులు. ఏళ్ల తరబడి రోజూ పోతుంటే మెదడు వాటికి అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా ఆపితే మెదడు అదుపు తప్పి వణుకు, భ్రమలు, ఫిట్స్ వస్తాయి. అల్ప్రాజోలం తొందరగా ఒంట్లోంచి పోతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది, డైజిపామ్ అయితే వారం దాకా పట్టొచ్చు. దీంతో ప్రాణాలు పోయిన వాళ్లున్నారు, అందుకే మనసు గట్టి చేసుకుంటే మానేయొచ్చు అనే మాట దయచేసి ఎవరూ ఆమెతో అనకండి.

వైద్యం ఉంది, బాగా పనిచేస్తుంది కూడా. ఒంట్లో నెమ్మదిగా తగ్గే డైజిపామ్ లాంటి మందు తగిన మోతాదులో మొదలుపెట్టి, వారాల మీద, ఒక్కోసారి నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వస్తారు. దాంతో పాటు బీ1 విటమిన్ ఇస్తారు. అన్నం సరిగ్గా తినకుండా ఏళ్లుగా తాగిన వాళ్లకు అది చాలా ముఖ్యం. ఇదంతా డాక్టర్ చేతుల మీదుగానే జరగాలి, మెడికల్ షాపులో మీరే కొనుక్కొచ్చి వేస్తే, అటు కల్లు ఇటు బిళ్ల రెండూ కలిసి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. టీలో కలిపితే తాగుడు మానేస్తారని అమ్మే పొడుల జోలికి కూడా పోవద్దు. సారా, బ్రాందీ మానిపించడానికి డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ లాంటి మందులు కూడా ఈ నిద్రమందుల అలవాటుకు పనిచేయవు. చెప్పకుండా తిండిలో కలిపితే ఏ మందైనా ప్రాణం మీదికి రావచ్చు.

మీ ఆడపడుచును ఏమీ అనకండి, ఆమెకు తెలిసిన మార్గం అదే. కానీ ఆ సీసాలో ఏ మందు ఎంత ఉందో అమ్మేవాడికే తెలియదు. ఒక రోజు తక్కువ పడితే ఫిట్స్, ఒక రోజు ఎక్కువ పడితే స్పృహ ఉండదు. 2025 ఏప్రిల్‌లో మీ కామారెడ్డి జిల్లాలోనే కల్తీ కల్లు తాగి పదుల మంది ఆస్పత్రి పాలయ్యారు, జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో ప్రాణాలే పోయాయి.

ఎర్రగడ్డ దాకా పోనక్కర్లేదు. కామారెడ్డిలో 2023లో మెడికల్ కాలేజీ వచ్చింది, దానికి అనుబంధంగా ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. అక్కడ సైకియాట్రీ ఓపీ ఎప్పుడు ఉంటుందో ముందు కనుక్కుని వెళ్లండి, కుదరకపోతే నిజామాబాద్ పెద్దాస్పత్రికి. ఫిట్స్ వచ్చిందన్న విషయం తప్పకుండా చెప్పండి, అలాంటి వాళ్లను మొదటి కొన్ని రోజులు అడ్మిట్ చేసుకోవడమే మంచిది. వాడుతున్న మిగతా బిళ్లల చీటీ పట్టుకెళ్లండి. రోజుకు ఎన్ని సీసాలో దాచకుండా చెప్పాలి, అత్తమ్మ సిగ్గుపడితే మీరు చెప్పండి. ఈలోపు మళ్లీ ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా, తాళం చెవులు పెట్టకండి, 108కి ఫోన్ చేయండి.

ఇందూరు వాసి:

ఇవన్నీ చెప్పుకునే బదులు ఈ కల్లు దుకాణాలన్నీ ఒక్క దెబ్బకు మూసేయాలి. మా వాడలో సగం ఇళ్లు దీనివల్లే నాశనమయ్యాయి. పాలమ్మినట్టు అమ్ముతుంటే అధికారులు ఏం చేస్తున్నారు? దుకాణమే లేకపోతే ఎవరు తాగుతారు, రోగం ఎక్కడి నుంచి వస్తుంది?

బీడీ కార్ఖానా బిడ్డ:

అన్నా, మీ కోపం నాకు అర్థమవుతుంది, మా అమ్మ కూడా ఇదే కల్లు తాగింది. కానీ పైన అక్క రాసింది మళ్లీ చదవండి, దుకాణం మూసిన మరుసటి రోజే కదా వాళ్ల అత్తమ్మ ప్రాణం మీదికి వచ్చింది. 2015లో మన ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో, మెదక్, మహబూబ్‌నగర్‌లలో మందు కల్లు మీద గట్టిగా దాడులు చేసినప్పుడు ఆస్పత్రులు ఇలాంటి వాళ్లతో నిండిపోయాయి. 2020 లాక్‌డౌన్‌లో వైన్స్, దుకాణాలు మూసినప్పుడు కూడా ఎర్రగడ్డ ముందు అదే పరిస్థితి. హైదరాబాద్‌లో 2004లో కల్లు కాంపౌండ్లు మూశారు, 2014లో మళ్లీ తెరిచారు. ఆ మధ్య పదేళ్లలో తాగేవాళ్లకు వైద్యం అందించే ఏర్పాటు ఎంత పెరిగింది? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద మొదలుపెట్టిన పోరాటంతో 1993లో సారా పోయింది, 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997కల్లా సడలించారు. ఆ తల్లుల పోరాటం చాలా గొప్పది, కాదనను, కానీ తాగుడుకు బానిసైన మనిషి ఎక్కడికి పోవాలన్నది అప్పుడూ పట్టించుకోలేదు, ఇప్పుడూ అంతే.

కల్తీ చేసేవాళ్లను వదలమని నేను అనడం లేదు. ఉన్న ఈత, తాటి చెట్లకు వచ్చే కల్లు ఎంత, దుకాణాల్లో పారే కల్లు ఎంత అని చూస్తే చాలు, మిగతాదంతా నీళ్లు, శాకరిన్, మత్తుమందు అని ఎవరికైనా తెలుస్తుంది. ఆ మందు తయారుచేసే ఫ్యాక్టరీలను పట్టుకోండి. చెట్టెక్కి నిజమైన కల్లు గీసే గౌడన్న కూడా దీనివల్ల నష్టపోతున్నాడు. నేనడిగేది ఒక్కటే, ఊళ్లో దుకాణం మూసే రోజున ఆ ఊరి పల్లె దవాఖానలో డాక్టరూ మందులూ ఉండాలి. ఎక్సైజ్ జీపు వచ్చిన రోజే 108 కూడా వచ్చి ఉండాలి. అది పెద్ద ఖర్చు కూడా కాదు.

అక్కా, మా అమ్మ గురించి చెప్తాను. ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులు బాగానే గడిచాయి, కష్టమంతా ఇంటికొచ్చాకే. నిద్ర సరిగ్గా పట్టడానికి చాలా నెలలు పట్టింది, మధ్యలో రెండుసార్లు మళ్లీ తాగింది. డాక్టరమ్మ తిట్టలేదు, మోతాదు సరిచేసి మళ్లీ మొదలుపెట్టింది. అమ్మకు కల్లు కన్నా ఆ దుకాణం దగ్గరి మనుషులు కావాలని నాకు తర్వాత తెలిసింది, సాయంత్రం నలుగురు ఆడవాళ్లు కూర్చుని కష్టసుఖం చెప్పుకునేది అక్కడే. ఆ టైంకు మా పెద్దమ్మ ఇంటికొచ్చి కూర్చునేది. మెడ నొప్పికి కూడా విడిగా చూపించాం, అది తగ్గకపోతే మళ్లీ కల్లు దగ్గరికే పోతారు. ఫాలోఅప్ ఎగ్గొట్టకండి, పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, చార్జీలకు అని ఆగకండి.

సంగారెడ్డి సోషల్ వర్కర్:

బీపీ, షుగర్ బిళ్లల్లా దీనికి కూడా ఊళ్లో ఎందుకు లేదు అని అడిగారు చూడండి, అది నన్ను చాలా బాధపెట్టిన ప్రశ్న. ఎందుకంటే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996లో మొదలైనప్పుడు తొలి విడతలో తీసుకున్న నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. పెద్దాస్పత్రికి రాలేని వాళ్ల దగ్గరికి వైద్యం పోవాలన్నదే దాని ఉద్దేశం. సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు ఉన్న బృందం జిల్లాలో ఉండి కింది ఆస్పత్రుల్లో క్లినిక్‌లు నడపాలి, పీహెచ్‌సీ డాక్టర్లకు శిక్షణ ఇవ్వాలి. ఇప్పుడు జిల్లా జిల్లాకూ కార్యక్రమం ఉంది, కానీ పోస్టులు ఖాళీగా ఉంటే ఉన్న ఒక్క డాక్టరు జిల్లా కేంద్రం దాటి రాలేడు. 2019లో కేంద్రం, ఎయిమ్స్ కలిసి ఇచ్చిన సర్వే నివేదిక ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోంది. మిగతా 37 మందీ వైద్యం వద్దనుకున్న వాళ్లని నేను నమ్మను. చాలామందికి ఎక్కడికి పోవాలో తెలియదు, తెలిసినా ఒక రోజు కూలి, బస్సు చార్జీ, ఊళ్లో మాటలు అడ్డం వస్తాయి.

పల్లె స్థాయిలో ఇది కుదరదు అనే వాళ్లకు ఒక సంగతి చెప్తాను. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన మగవాళ్లలో తాగుడు ఎక్కువైన వాళ్లకు, డాక్టర్లు కాని మామూలు కౌన్సెలర్లు శిక్షణ తీసుకుని నాలుగు సిట్టింగుల లోపు మాట్లాడితేనే తాగుడు తగ్గిందని 2017లో పరిశోధన ప్రచురించారు. తమిళనాడులో మంజక్కుడి అనే పల్లెలో 1989 నుంచి తాగుడు మానిపించే శిబిరాలు ఊళ్లోనే పెట్టారు, ఊరివాళ్లే తోడు నిలబడ్డారు. మీ అత్తమ్మలా ఫిట్స్ వచ్చిన వాళ్లకు మొదటి దశ ఆస్పత్రిలోనే జరగాలి, అందులో సందేహం లేదు. ఆ తర్వాత నెలల తరబడి సాగే పని మాత్రం ఊళ్లోనే జరగొచ్చు. ఏఎన్‌ఎం, ఆశా ఇంటింటికీ వెళ్లి బీపీ చూస్తున్నారు, నిద్ర పడుతోందా, మళ్లీ తాగాలనిపిస్తోందా అని అడిగి రాసుకోవడం, డాక్టరుకు ఫోన్‌లో చెప్పడం వాళ్లు తప్పకుండా చేయగలరు. దానికి శిక్షణ ఇవ్వాలి, అదనపు పనికి అదనపు డబ్బు ఇవ్వాలి, ఉత్త చేతులతో ఇంకో రిజిస్టర్ మోయమంటే న్యాయం కాదు.

చట్టం కూడా మీ పక్షాన ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా చేర్చారు. ప్రభుత్వ వైద్యం పొందడం హక్కు అని 18వ సెక్షన్ చెబుతోంది, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న వాళ్లకు ఉచితం. జిల్లాలో కనీస సేవలు లేకపోతే అదే జిల్లాలో ఇంకోచోట చేయించుకున్న వైద్యానికి ప్రభుత్వమే ఖర్చు భరించాలి. ఆ ప్రైవేట్ సెంటర్ వాళ్లను రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, గొలుసులు వేయడం చట్టం నిషేధించింది, కుటుంబాన్ని అసలు కలవనివ్వం అనే చోట మనిషిని వదలకండి.

రాత్రిపూట భయమేస్తే 14416కు ఫోన్ చేయండి, టెలిమానస్ అంటారు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మత్తు అలవాట్ల గురించి 14446 కూడా ఉంది. ఫిట్స్ వస్తే మాత్రం ఈ నంబర్లు కాదు, 108.

కామారెడ్డి కోడలు:

అందరికీ దండాలు. మీరు చెప్పినట్టే ఆశా అక్కను అడిగితే ఓపీ వివరం కనుక్కుని తనే మాతో వచ్చింది. ఆస్పత్రిలో అత్తమ్మను కొన్ని రోజులు ఉంచుకున్నారు, వార్డులో పక్క మంచం ఆమె కూడా బీడీలు చుట్టే మనిషే, ఇద్దరూ తెగ మాట్లాడుకున్నారు. ఫిట్స్ మళ్లీ రాలేదు. ఇప్పుడు ఇంట్లోనే బిళ్లలు, రెండు వారాలకోసారి రమ్మన్నారు, అప్పుడు తగ్గిస్తామన్నారు. మా ఆయన ఫోన్ చేసి అమ్మా నువ్వు మానితే చాలు అని పదే పదే అంటుంటే ఆమెకు కోపం వస్తోంది, అన్నం తిన్నావా అని మాత్రమే అడగమని చెప్పాను. ఒక డౌట్, బిళ్లల షీట్ ఆమె దగ్గరే ఉంచాలా, నా దగ్గరా? పగలు కొంచెం తూగుతోంది కూడా.

వార్డు నర్సు:

చాలా సంతోషం చెల్లెమ్మా. షీట్ మీ దగ్గరే ఉంచుకోండి, పిల్లలకు అందకుండా పైన పెట్టండి, ఏ పూటది ఆ పూటే ఇవ్వండి, అది నమ్మకం లేక కాదని ఆమెకు నెమ్మదిగా చెప్పండి. కొంచెం తూగడం మొదట్లో ఉంటుంది, ఒంటరిగా బావి దగ్గరికి, పొయ్యి దగ్గరికి పోనివ్వకండి. లేపినా లేవనంత మత్తుగా ఉంటే, మాట ముద్దగా వస్తే, లేదా కల్లు తాగిందని తెలిస్తే తర్వాతి బిళ్ల వేయకుండా వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేసి అడగండి, అసలు లేవకపోతే 108. బాగుంది కదా అని మాత్రం మీ అంతట మీరు డోస్ తగ్గించొద్దు. రెండు వారాల తేదీ దాటనివ్వకండి, ఆ రోజు మీకు వీలు కాకపోతే ఆశా అక్కతో పంపించండి.