అణువిద్యుత్తు కొత్తగా మొదలుపెట్టే దేశం రెగ్యులేటర్‌ను ఎలా తయారు చేసుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు రాయండి

గుంటూరు_మాస్టారు:
మా కాలేజీలో ఫైనలియర్ పిల్లలకు డిబేట్ పెట్టాం. ఇప్పటిదాకా అణు రియాక్టరే లేని దేశం ఒకటి కట్టాలనుకుంటే, భద్రత చూసే సంస్థను ఎప్పుడు, ఎలా పెట్టుకోవాలన్నది విషయం. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఐఏఈఏ చెప్పే మూడు దశలు, 19 అంశాలు పిల్లలు బట్టీ పట్టేశారు. నాకు కావాల్సింది అది కాదు. సైట్లలో పనిచేసినవాళ్లు, తనిఖీలు ఎదుర్కొన్నవాళ్లు ఉంటే చెప్పండి. కొవ్వాడ అణు ప్లాంటు కావాలా వద్దా అన్న గొడవ మాత్రం ఇక్కడ వద్దు బాబూ, దానికి వేరే థ్రెడ్ ఉంది.

గల్ఫ్_బెజవాడ:
మాస్టారూ, నేను యూఏఈలో బరాకా అణు ప్లాంటు సివిల్ పనుల్లో ఉన్నాను. వాళ్లు 2009లో ముందు చట్టం చేసి ఎఫ్‌ఏఎన్‌ఆర్ అనే అణు భద్రతా సంస్థను పెట్టారు. కొరియా వాళ్లకు కాంట్రాక్టు ఇచ్చింది ఆ తర్వాత, అదే ఏడాది డిసెంబరులో. అనుభవం ఉన్న మనుషులు సొంతంగా లేరు కాబట్టి మొదటి డైరెక్టర్ జనరల్‌గా అమెరికా అణు రెగ్యులేటర్ ఎన్‌ఆర్‌సీలో చేసి వచ్చిన విలియం ట్రావర్స్‌ను తెచ్చుకున్నారు. డబ్బున్న దేశం, కుదిరింది.

మా స్థాయిలో భద్రత అంటే హోల్డ్ పాయింట్. స్టీలు కట్టడం అయిపోయింది, షట్టరింగ్ అయిపోయింది, మిక్సర్లు వచ్చి లైన్లో నిలబడ్డాయి. అయినా ఇన్‌స్పెక్టరు లోపలికి దిగి, టార్చి వేసి కడ్డీల మధ్య దూరం కొలిచి సంతకం పెట్టేదాకా పోత మొదలవదు. ఆలస్యమైతే ఆ కాంక్రీటు పారబొయ్యాల్సిందే. ఫోర్‌మన్ టెన్షన్ చూడాలి! ఆ సంతకం పెట్టే మనిషికి పోత త్వరగా అవ్వాలన్న తొందర ఉండకూడదు, అంతే. మొదటి యూనిట్ 2017లో నడుస్తుందన్నారు. ఆపరేటర్లు సిద్ధం కాలేదని ఆగి ఆగి, లైసెన్సు 2020 ఫిబ్రవరిలో వచ్చింది.

కొత్తపేట_ఎక్స్‌రే:
నాది చిన్న అనుభవం మాస్టారూ, గుంటూరులో రేడియోగ్రాఫర్‌ని. మన దేశంలో అణు ప్లాంట్ల భద్రత చూసే ఏఈఆర్‌బీయే మా ఎక్స్‌రే మెషిన్లనూ చూస్తుంది. ఒకప్పుడు నేను చేసిన ఒక సెంటర్‌లో కొత్త సీటీ మెషిన్ వచ్చి కూర్చుంది, లైసెన్సు ఇంకా రాలేదు. ఓనరు గారు "పేషెంట్లు పక్క సెంటర్‌కి పోతున్నారు, రెండు రోజులు నడిపించేద్దాం" అన్నారు. ఈఎంఐ కట్టేది ఆయన, ఆయన బాధ ఆయనది. అందుకే నిర్ణయం ఆయన చేతిలో పెట్టరు.

ఇంకోటి. మా జేబుకి టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది, మూడు నెలలకోసారి ల్యాబ్‌కి పంపి మాకు ఎంత రేడియేషన్ తగిలిందో చూస్తారు. ఒక కుర్రాడు దాన్ని లెడ్ ఏప్రాన్‌కే తగిలించి ఎక్స్‌రే గదిలో వదిలేసి వెళ్లాడు. రీడింగ్ ఎక్కువ వచ్చింది, వెంటనే సంజాయిషీ అడుగుతూ ఉత్తరం. ఆ ఉత్తరం వచ్చాక మా సెంటర్‌లో ఎవరూ బ్యాడ్జి మర్చిపోలేదు. రూలు పుస్తకంలో ఉంటే సరిపోదు, అడిగేవాడు ఉండాలి.

ఇబ్రహీంపట్నం_రిటైర్డ్:
థర్మల్‌లో ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి. చిన్న దేశానికి ఇంత హంగామా ఎందుకండీ? రియాక్టరు అమ్మిన దేశం రూల్సే తెచ్చుకుంటే పోలా?

గల్ఫ్_బెజవాడ:
సార్, సగం అలాగే చేశారు. కొరియాలో షిన్ కోరి 3, 4 యూనిట్లను నమూనాగా పెట్టుకుని, అక్కడి రెగ్యులేటర్ సమీక్షను వాడుకున్నారు. కానీ వేడెక్కిన గల్ఫ్ సముద్రపు నీరు, ఇసుక తుఫాన్లు కొరియాలో ఉండవుగా. పైగా 2013లో ఆ కొరియాలోనే భద్రతకు కీలకమైన కేబుళ్లకు దొంగ టెస్ట్ సర్టిఫికెట్లు బయటపడి, నడుస్తున్న రియాక్టర్లు ఆపారు. అమ్మినవాడి కాగితాన్ని చదివి ప్రశ్నించే మనిషి కొన్న దేశంలో లేకపోతే ఎలా?

ఇబ్రహీంపట్నం_రిటైర్డ్:
కేబుళ్ల సంగతి తెలియదు. అయితే సరే.

మంగళగిరి_లాయరు:
పిల్లలకు జపాన్ చెప్పండి సార్. 2011 ఫుకుషిమా నాటికి అక్కడి రెగ్యులేటర్ నిసా, అణువిద్యుత్తును పెంచాలనుకునే ఆర్థిక, పరిశ్రమల శాఖ కిందే ఉండేది. 2012 సెప్టెంబరులో దాన్ని తీసేసి కొత్త సంస్థ పెట్టారు. ప్రోత్సహించేవాడూ తనిఖీ చేసేవాడూ వేరుగా ఉండాలని అంతర్జాతీయ అణు భద్రతా ఒప్పందంలో ఎనిమిదో అధికరణం ఎప్పుడో చెప్పింది. సంతకం పెట్టిన దేశమే అది!

మన కథా అంతే. ఏఈఆర్‌బీ 1983లో ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టింది. ప్రత్యేక చట్టం కోసం 2011లో బిల్లు పెట్టారు, లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. 2015లో ఐఏఈఏ బృందం వచ్చి ఏఈఆర్‌బీ స్వతంత్రతను చట్టంలో పెట్టమంది. చట్టబద్ధ హోదా 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 'శాంతి' (SHANTI) అనే అణుశక్తి బిల్లుతో గానీ రాలేదు. కొత్త దేశాలు ఇంత ఆలస్యం చెయ్యక్కర్లేదు. బంగ్లాదేశ్ 2012లోనే చట్టం చేసింది, రూప్పూర్‌లో రియాక్టరుకు మొదటి కాంక్రీటు 2017లో పోసింది.

కొత్తపేట_ఎక్స్‌రే:
లాయరు గారూ, చట్టం సరే. తనిఖీ చేసే కుర్రాణ్ణి ఐదేళ్లు తయారుచేస్తే, ప్లాంటువాళ్లు డబుల్ జీతమిచ్చి లాక్కుపోతారు. దానికేంటి?

మంగళగిరి_లాయరు:
జీతాలు మామూలు ప్రభుత్వ స్కేల్లో కాకుండా సంస్థే నిర్ణయించుకునేలా రాసుకోవాలి. ఫీజులు వసూలు చేసుకునే అధికారమూ ఇవ్వాలి. మానేసినవాడు వెంటనే ఆ ప్లాంటులోనే చేరకుండా కొంత గడువు కూడా పెట్టొచ్చు.

గుంటూరు_మాస్టారు:
జీతాల పాయింటు మా పిల్లల నోట్సులో అసలు లేదు, రేపే చెబుతాను. కొత్తపేట తమ్ముడూ, శనివారం ఓ గంట కాలేజీకి రాగలవా? ఆ బ్యాడ్జి కూడా తెచ్చి చూపించు.

కొత్తపేట_ఎక్స్‌రే:
వస్తాను మాస్టారూ. బ్యాడ్జి సెంటర్ దాటి బయటికి తేకూడదు, ఫొటో తెస్తాను.