యెజ్డీ బైక్ ఇంజిన్ ఇంట్లోనే విప్పాను, సిలిండర్‌కి బోరు కొట్టించాలా?

రాయగడ నుంచి:
అన్నలూ, నాన్నగారి పాత యెజ్డీ ఇంజిన్ దింపి పెరటి వసారాలో విప్పుతున్నా. స్టార్ట్ చేస్తే వీధంతా తెల్లపొగ, గేర్ ఆయిల్ ఎంత పోసినా తగ్గిపోతోంది, నేల మీద మాత్రం ఒక్క చుక్క లేదు. సిలిండర్ లోపల ఎగ్జాస్ట్ పోర్టు పక్కన గోటికి తగిలే గీత ఉంది. రింగులు మార్చి బిగించేస్తే చాలా? ఈ బండి తెలిసిన మేస్త్రీలు మా వైపు లేరు.

పర్లాకిమిడి నుంచి:
తమ్ముడూ, ఆయిల్ ఇంజినే తాగుతోంది. ఎడమవైపు, క్లచ్ పక్కనున్న క్రాంక్ సీల్ (క్రాంక్ షాఫ్ట్ చుట్టూ ఆయిల్ లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగు) చూడు. టూ స్ట్రోక్‌లో పిస్టన్ పైకెళ్లిన ప్రతిసారీ కింద క్రాంక్ తిరిగే గదిలో, అంటే క్రాంక్ కేసులో, వాక్యూమ్ పుడుతుంది, సీల్ అంచు అరిగితే గేర్ ఆయిల్ లోపలికొచ్చి పెట్రోలుతో కలిసి కాలిపోతుంది. కుడివైపు డైనమో పక్క సీల్ పోతే ఇంకా ప్రమాదం, పొగ రాదు గానీ గాలి లాగి, మిక్చర్‌లో పెట్రోలు పలచబడి, పిస్టన్ వేడెక్కి సిలిండర్‌లో పట్టేస్తుంది. రెండూ మార్చెయ్, బేరింగులు కూడా.

గుణుపురం నుంచి:
గీత గోటికి తగిలిందంటే బోరు, అంటే సిలిండర్ లోపలి గోడను మిషన్ మీద కాస్త పెద్దది చేయించడం, తప్పదండీ. ముందు ఓవర్‌సైజ్ (పాతదానికన్నా కాస్త లావు) పిస్టన్ కొనండి, దాన్నీ సిలిండర్‌నీ కలిపి పట్టుకెళ్లి ఆ పిస్టన్ కొలతకే బోరు కొట్టమనండి. బిగించేటప్పుడు పిస్టన్ మీది బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపు ఉండాలి. కనెక్టింగ్ రాడ్‌ని నిట్టనిలువుగా పైకీ కిందికీ లాగి చూడండి, కాస్త ఆడినా క్రాంక్‌ని, దాన్ని విడదీసి మళ్లీ బిగించే ప్రెస్ మిషన్ ఉన్న షాపుకే ఇవ్వండి, ఇంట్లో సుత్తి మాత్రం వేయొద్దు.

రాయగడ నుంచి:
రాడ్ ఆడుతోందండీ. బరంపురంలో ప్రెస్ ఉన్న షాపు ఎవరికైనా తెలుసా?