ట్రస్టు ఆడిట్ నివేదిక (ఫారం 10బీబీ) ఆలస్యమై పన్ను మినహాయింపు పోయింది: అప్పీలు కూడా వేయాలా?

మాది ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 12ఏబీ కింద నమోదు ఉన్న చిన్న గ్రంథాలయ ట్రస్టు. 2023-24లో 11,40,000 రూపాయలు విరాళాలుగా రాగా, 10,62,000 రూపాయలు పుస్తకాలకు, అద్దెకు, గ్రంథపాలకుని జీతానికి ఖర్చుపెట్టాము. అంటే రాబడిలో కనీసం 85 శాతం ట్రస్టు పనులకే ఖర్చుపెట్టాలన్న నిబంధనను పాటించాము.

మా ఆడిటరు ఫారం 10బీబీని గడువులోపే, 2024 అక్టోబరు 5న అప్‌లోడ్ చేశారు. అయితే ట్రస్టు లాగిన్‌లో దాన్ని మేము ఆమోదిస్తేనే దాఖలైనట్టు లెక్క అని మాకు తెలియక, అది పెండింగ్ జాబితాలోనే ఉండిపోయి, డిసెంబరు 19న గాని ఆమోదించలేకపోయాము. ట్రస్టు ఆదాయపు పన్ను రిటర్ను (ఐటీఆర్-7) మాత్రం నవంబరు 12నే వేశాము. 2025 మార్చి 18న సెక్షన్ 143(1) కింద, రిటర్నును పరిశీలించి పన్ను శాఖ పంపిన ఇంటిమేషన్‌లో, ట్రస్టుల ఆదాయానికి ఉండే సెక్షన్ 11 మినహాయింపు తిరస్కరించి, వడ్డీతో సహా 98,590 రూపాయలు కట్టమన్నారు. ట్రస్టు ఖాతాలో ఉన్నది 41,000; అది రెండు నెలల అద్దెకు, జీతానికి సరిపోతుంది.

ఆ ఇంటిమేషన్‌లోని పొరపాటును సరిదిద్దమని సెక్షన్ 154 కింద సవరణ కోరితే జూన్‌లో తిరస్కరించారు. 365 రోజుల్లోపు జాప్యాన్ని కమిషనరే మన్నించవచ్చన్న ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) 16/2024 సర్క్యులర్‌ను ఉటంకిస్తూ, ఆడిటరు ప్రమాణపత్రం జతచేసి, ఫారం జాప్యాన్ని మన్నించమని జూలైలో సెక్షన్ 119(2)(బి) కింద అర్జీ పెట్టాము. నాలుగు నెలలైనా జవాబు లేదు. ఇంటిమేషన్‌పై అప్పీలుకు ఉన్న 30 రోజుల గడువు ఎప్పుడో దాటింది.

ఇలాంటి కేసు నడిపినవారు దయచేసి చెప్పండి: ఆ అర్జీ తేలేవరకు ఆగడం క్షేమమా, లేక జాప్య మన్నింపు కోరుతూ ఫారం 35లో అప్పీలు కూడా ఇప్పుడే వేయాలా?